సారీ, తెరిచే ఉన్నాం

ఒరేయ్ శీనుగా,

మూడు నెలలుగా నన్ను తిట్టుకుంటున్నావని తెలుసు. తిట్టుకో, తప్పు నాదే. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాలు ఫర్వాలేదు. పిల్లకి పళ్ళు ఊడుతున్నాయి, నాకు జుట్టు. క్షేమ సమాచారాలు ఇంతే, ఇక అసలు సంగతి విను.

మొన్న గ్రాండ్ కాన్యన్ చూసి వస్తూ, పిల్ల బాత్రూం అని గొడవ చేస్తే అరిజోనాలోనే సెలిగ్‌మన్ అనే చిన్న ఊళ్ళో ఆగాం. అక్కడ స్నో క్యాప్ అని ఒక హోటల్. తలుపుకి రెండు పిడులు, ఒకటి ఉత్తుత్తిది. నేను ఏది పట్టుకుని లాగానో నీకు వేరే చెప్పాలా? పెళ్ళి విడిదిలో బీరువా తలుపు తీసి "నమస్కారమండీ" అన్నవాణ్ణి! లోపలికెళ్తే కౌంటర్లో కుర్రాడు మస్టర్డ్ సీసా నా మీదకి పిండాడు. కొత్త చొక్కా పోయిందని గెంతాను. తీరా చూస్తే పసుపుపచ్చ తాడు! బోర్డు మీద "సారీ, తెరిచే ఉన్నాం" అని. మెనూలో "చచ్చిన కోడి" అని.

1953లో హువాన్ డెల్గడిల్లో అనే ఆయన పాత చెక్కలు ఏరుకొచ్చి కట్టిన కొట్టు అది. ఆయన 2004లో పోయినా ఈ వేళాకోళాలు మాత్రం ఆగలేదు. నన్ను పట్టుకున్న కథ మాత్రం ఆయన తమ్ముడు ఏంజెల్‌ది. సెలూన్ నడిపేవాడు.

ఆ ఊరి మీదుగా పోయేది రూట్ 66 అనే పాత హైవే. 1926లో షికాగో నుంచి లాస్ ఏంజెలిస్ దాకా నంబరిచ్చిన దారి, తర్వాత శాంటా మోనికా దాకా సాగింది, రెండువేల నాలుగువందల మైళ్ళ పైమాటే. 1978 సెప్టెంబర్ 22న పక్కనుంచి ఐ-40 అనే కొత్త పెద్ద హైవే తెరిచారు. అంతే, ఒక్కరోజులో ఊళ్ళో కార్లు మాయం! 1985లో 66 అన్న నంబరే హైవేల జాబితాలోంచి కొట్టేశారు. చాలామంది కొట్లు మూసేసి వెళ్ళిపోయారు, ఏంజెల్ కదల్లేదు. 1987 ఫిబ్రవరిలో తనలాంటి వాళ్ళని పోగేసి సంఘం పెట్టాడు. ఈ రోడ్డుని చారిత్రక రహదారి అని ప్రకటించి బోర్డులు పెట్టమని ప్రభుత్వం వెంటపడ్డారు. ఆ ఏడే సెలిగ్‌మన్ నుంచి కింగ్‌మన్ అనే ఊరి దాకా ఒప్పించారు కూడా! వీళ్ళని చూసి మిగతా రాష్ట్రాల్లోనూ సంఘాలు లేచాయి. అడిగిందల్లా ఒక పేరు, నాలుగు బోర్డులు. ఇప్పుడు విదేశాల నుంచి బస్సుల్లో దిగుతున్నారు. ఏ కొట్లో చూసినా అవే ఫ్రిజ్ మాగ్నెట్లు, చిరాకేస్తుంది. (నేనూ మూడు కొన్నాలే.)

సెలూన్ ఇప్పుడు గిఫ్టు షాపు. ఆయన కుర్చీ మాత్రం అలాగే ఉంది. దాన్ని చూస్తుంటే, శీనూ, మన ఊరికి బైపాస్ పడ్డ ఏడాది మీ నాన్నగారు టీకొట్టు ముందు కూర్చుని రాని లారీల కోసం చూడటం గుర్తొచ్చింది. ఆ సాయంత్రం నేను సైకిల్ మీద వచ్చి ఆయనతో ఒక మాట... సర్లే, ఫోన్లో చెప్తా.

అక్కణ్ణుంచి పాత రోడ్డు మీదే కింగ్‌మన్‌కి పోయాం. వెనక్కి తిరగమని జీపీఎస్ ఒకటే నస. రోడ్డు పక్కన పాత షేవింగ్ క్రీమ్ ప్రకటనల చిన్న చిన్న ఎర్ర బోర్డులు, ఒక్కోదాని మీద పాటలో ఒక్కో ముక్క. మా ఆవిడ గొంతెత్తి చదువుతుంటే ఆఖరి ముక్క దగ్గర నేనే దాటేసి తిట్లు తిన్నాను.

మర్నాడు ఓట్‌మన్ అనే ఇంకో ఊరు. అక్కడ నడిరోడ్డు మీద గాడిదలు తిరుగుతుంటాయిరా! ఒకటి అచ్చం మన లెక్కల మాస్టారిలా కిటికీలోంచి తల పెట్టి...

అమ్మో, స్కూలు బస్సు వచ్చేసింది. ఉంటా.

నీ,
బీరువాగాడు