సెక్యూరిటీ డాక్టరు రాయునది

విశాఖపట్నం,
ఆదివారం

ఒరేయ్ సత్తీ,

నీ ఉత్తరం వచ్చి మూడు నెలలైంది. తిట్టుకో, పడతాను. అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి. నా ఉద్యోగం ఇంకో ఏడాది కాంట్రాక్టే, జీతం వచ్చినప్పుడే వస్తుంది. కబుర్లయిపోయాయి. అసలు సంగతి విను.

నిన్న పెందుర్తిలో పెళ్లిచూపులు. కుదిర్చింది మా మేనత్త. ఆసియా భద్రతా వ్యవహారాల్లో పీహెచ్‌డీ అని పదిసార్లు బట్టీ పట్టించానా, ఆవిడ వాళ్లకి చెప్పింది "అబ్బాయి సెక్యూరిటీలో డాక్టరు" అని! పిల్ల తండ్రి కాఫీ అందించి ఎంతో మర్యాదగా, "నైట్ డ్యూటీలుంటాయా బాబూ?" అన్నారు. నాన్న గోడ మీద క్యాలెండర్ చదువుతున్నారు. 2016లో ఫ్లీట్ రివ్యూకొచ్చిన యుద్ధనౌకల్ని చూసి, గ్రూప్-2 కోచింగ్ మానేస్తానంటే, మురీ మిక్చర్ పొట్లం పట్టుకుని నువ్వు పెట్టిన మొహం గుర్తొచ్చింది.

ఇక ఆగలేకపోయాన్రా. మలేషియా, ఇండోనేషియాల మధ్య మలక్కా జలసంధి సన్నటి చోట మూడు కిలోమీటర్లు కూడా ఉండదన్నాను. చైనాకెళ్లే చమురు ఓడలు చాలామటుకు అటే పోతాయన్నాను. ఆస్ట్రేలియా పదమూడేళ్ల తర్వాత 2020లో మలబార్ నౌకాదళ విన్యాసాలకి మళ్లీ వచ్చింది మన విశాఖ సముద్రానికే అన్నాను. పకోడీలు చల్లారిపోయాయి.

అప్పుడు మూల మంచం మీంచి తాతగారు (డాక్‌యార్డు ఫిట్టరట), "71లో విక్రాంత్ అండమాన్ వైపుంటే, ఇక్కడే ఉందని గాజీవోళ్లని ఎలా నమ్మించారు బాబూ?" అన్నారు. విక్రాంత్ మన విమాన వాహక నౌక, గాజీ దాన్ని వేటాడొచ్చి ఇక్కడే మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి. నా సిలబస్సే! రాజ్‌పుత్ నౌక విక్రాంత్‌లా వైర్‌లెస్ సందేశాలు పంపిందని, దాన్ని సిగ్నలింగ్ అంటారని ఎత్తుకున్నాను.

"మరి కూరగాయలో?"

చదివిందేరా! అప్పటి తూర్పు నౌకాదళాధిపతి అడ్మిరల్ కృష్ణన్, విక్రాంత్ ఇక్కడే ఉన్నట్టు వదంతి పుట్టడానికి కాంట్రాక్టర్లకి బోలెడు మాంసం, కూరగాయలు ఆర్డరు పెట్టించాడు. ఆ ముక్క నోటికే రాలేదు. కురుపాం మార్కెట్లో మనం మోసిన వంకాయల బస్తాకే నాకు పీహెచ్‌డీ ఇచ్చుంటే బావుండేది. నవ్వకు.

తర్వాత ఆయన గొంతు తగ్గించారు. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పెద్ద చప్పుడు, బీచ్ వైపు కిటికీ అద్దాలు అదిరిపోయాయట. "గాజీని రాజ్‌పుత్ ముంచిందని మనోళ్లు, దానంతటదే పేలిందని ఆళ్లు. నువ్వేటంటావు?" "రెండు వాదనలూ..." అని నసిగాను. "అంటే నీకూ తెల్దన్నమాట," అని అటు తిరిగి పడుకున్నారు. ఎనిమిదేళ్ల థీసిస్‌కి వైవా అప్పుడైందిరా. ఆ అద్దాల మాట మాత్రం రాత్రంతా చెవిలోనే ఉంది, ఎందుకో.

ఆ అమ్మాయి అంతసేపూ మాట్లాడలేదు. లేచేటప్పుడు ఒక్కటే అడిగింది, "మలక్కా ఎప్పుడైనా చూశారా?"

చెప్పరా ఇప్పుడు! భీమిలి దాటి పడవెక్కని వెధవని. "పాస్‌పోర్టుంది" అన్నాను. నవ్వింది. అది మంచి నవ్వో, నీ మురీ మిక్చర్ నవ్వో...

ఉండు, మేనత్త ఆటో దిగుతోంది. మొహం చూస్తే ఏటీ తెలీట్లేదు. మిగతాది రేపు