వలివడే వచ్చినప్పుడు ఒక్కసారి కిటికీలోంచి చూడండి

సంపాదకులకు నమస్కారం.

నేను పదకొండేళ్లుగా లండన్‌లోని ఈలింగ్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. మాది బాపట్ల దగ్గర పల్లె. మీ పేపరు రోజూ ఫోన్‌లో చదువుతాను, ఉత్తరం రాయడం మాత్రం ఇదే మొదలు. గత నెల మా పక్కింటి పోలిష్ తాతగారు చనిపోయారు. తొంభై ఏళ్లు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పసివాడిగా మన దేశంలో, మహారాష్ట్రలోని కొల్హాపూర్ పక్కన వలివడేలో తలదాచుకున్నారు. ఆయన గురించి మన పిల్లలకు ఒక పేజీ అయినా తెలియాలని ఈ ఉత్తరం.

నేను ఇక్కడికి వచ్చిన మొదటి డిసెంబరులో క్రిస్మస్ ముందు రోజు సాయంత్రం ఆయన మా తలుపు కొట్టి భోజనానికి రమ్మన్నారు. మొహమాటపడుతూనే వెళ్లాను. బల్ల మీద ఒక పళ్లెం ఎక్కువ పెట్టి ఉంది. ఆ రాత్రి అనుకోకుండా వచ్చే అతిథి కోసం పోలిష్ ఇళ్లలో అలా ఒక పళ్లెం పెడతారట. నన్ను ఆ పళ్లెం ముందు కూర్చోబెట్టి, పల్చటి గోధుమ అప్పం విరిచి నా చేతికిచ్చి, "ఏక్, దోన్, తీన్, చార్" అని మరాఠీలో అంకెలు చెప్పారు. నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు.

ఆయన చిన్నతనం వలివడేలో గడిచింది మరి. తూర్పు పోలండ్‌లో ఒక పల్లెటూళ్లో పుట్టారు. 1940 ఫిబ్రవరిలో సోవియట్ సైనికులు తెల్లవారుజామున ఇంటికొచ్చి అందరినీ రైలెక్కించి సైబీరియాకు పంపేశారు. ఆ చలిలో, ఆకలితో చెల్లెలు పోయింది. 1941లో సోవియట్, పోలండ్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరి పోలిష్‌వాళ్లను వదిలిపెట్టాక, తండ్రి పోలిష్ సైన్యంలో చేరారు. తల్లి ఈయన్ని తీసుకుని ఇరాన్ మీదుగా 1943లో మన దేశానికి వచ్చింది. కొల్హాపూర్ సంస్థానంలోని వలివడే క్యాంపులో అప్పట్లో దాదాపు అయిదు వేల మంది ఉండేవారు. ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలే. పెంకుల కప్పు, తడికల గోడలు, బడి, చర్చి, స్కౌట్లు అన్నీ ఉండేవని చెప్పేవారు. అరటిపండు ఎలా తినాలో తెలియక మొదటిసారి తొక్కతోనే కొరికారట.

అంతకుముందే 1942లో గుజరాత్‌లో నవానగర్ మహారాజు జామ్ సాహెబ్ దిగ్విజయ్‌సింహ్‌జీ బాలాచడిలో తల్లిదండ్రులు లేని, వాళ్లకు దూరమైన పోలిష్ పిల్లలకు ఆశ్రయం ఇచ్చారు. వలివడే క్యాంపు ఖర్చులో ఎక్కువ భాగం లండన్‌లోని పోలండ్ ప్రవాస ప్రభుత్వమే భరించింది, నిజమే. కానీ తాతగారు వలివడే చేరిన సంవత్సరం ఏమిటో చూడండి. 1943. బెంగాల్‌లో లక్షల మంది అన్నం లేక చచ్చిపోతున్న సంవత్సరం. మన దేశం తన చేతుల్లో తాను లేని రోజులు. అప్పుడు కూడా ఈ గడ్డ మీద ఒక పసివాడికి చోటు దొరికింది, కడుపు నిండింది. నాకు ఇది తలుచుకుంటే గర్వంగా ఉంటుంది, ఏడుపూ వస్తుంది.

యుద్ధం తర్వాత తండ్రి ఇంగ్లండ్ చేరారు, తల్లీకొడుకులు కూడా వలివడే నుంచి ఇక్కడికే వచ్చారు. తాతగారు నలభై ఏళ్లు బస్ డిపోలో మెకానిక్‌గా పనిచేశారు. అరవై రెండేళ్ల కాపురంలో పొద్దున్న టీ ఎప్పుడూ ఆయనే పెట్టేవారని మామ్మగారు చెప్పారు. నైట్ షిఫ్ట్ చేసి వచ్చినా సరే, ముందు ఆవిడకు టీ ఇచ్చాకే పడుకునేవారట. అంత్యక్రియల రోజు పెద్దమ్మాయి మాట్లాడుతూ ఒక సంగతి చెప్పింది. వాళ్లింట్లో వాన మొదలైతే ఎవరూ ఇంగ్లిష్‌లోనో పోలిష్‌లోనో చెప్పరట. "పావూస్ ఆలా" అంటారట. వానొచ్చింది అని మరాఠీలో. నాన్న నేర్పిన మాట, అది ఏ భాషో కూడా తెలియకుండా పెరిగాం అంది. చర్చిలో మనదేశం మనిషిని నేనొక్కదాన్నే. ఆ మాటకు అందరూ వెనక్కి తిరిగి నన్నే చూశారు.

నేను పదో తరగతి వరకు మన ఊళ్లోనే చదివాను. సోషల్ పుస్తకంలో రెండో ప్రపంచ యుద్ధం తేదీలు బట్టీపట్టాను. వలివడే పేరు, బాలాచడి పేరు ఎక్కడా చదివిన గుర్తు లేదు. పోలండ్‌వాళ్లు మాత్రం మరిచిపోలేదు. వార్సాలో ఒక కూడలికి "మంచి మహారాజు" అని పేరు పెట్టుకున్నారు. అక్కడే కొల్హాపూర్ పేరుతోనూ స్మారకం ఉంది. 2024 ఆగస్టులో మన ప్రధాని ఈ రెండుచోట్లా నివాళులర్పించినప్పుడు పేపర్లలో రెండు రోజులు వచ్చింది. తర్వాత ఎవరూ ఎత్తలేదు.

రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలనూ నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. ఎనిమిదో తొమ్మిదో తరగతి సోషల్‌లో ఈ సంగతి మీద ఒక్క పేజీ పెట్టండి. ఇప్పుడు మన ఇళ్లలో ఎవరో ఒకరు పరాయి దేశంలో ఉంటున్నారు. వీసా రాలేదని, ఉద్యోగం పోయిందని, ఎవడో వీధిలో "మీ దేశానికి పో" అన్నాడని టెన్షన్ పడని కుటుంబం నాకు కనపడట్లేదు. పరాయివాడికి చోటివ్వడం అంటే ఏమిటో మన పిల్లలు మన దేశం చేసిన పని నుంచే నేర్చుకోవచ్చు.

మీ పేపరుకూ ఒక విన్నపం. తిరుపతి నుంచి హరిప్రియ ఎక్స్‌ప్రెస్ నేరుగా కొల్హాపూర్ వెళ్తుంది. శ్రీవారి దర్శనం అయ్యాక మహాలక్ష్మి అమ్మవారిని చూడాలని ఎంతోమంది మనవాళ్లు ఆ రైలెక్కుతారు. మా అమ్మానాన్నా వెళ్లొచ్చారు. కొల్హాపూర్ ఇంకాసేపట్లో వస్తుందనగా రైలు వలివడే మీదుగానే పోతుంది. సామాన్లు సర్దుకునే హడావుడిలో వాళ్లు చూడలేదు, వాళ్లకు చెప్పినవాళ్లూ లేరు. మీరు యాత్రల పేజీలో కొల్హాపూర్ గురించి రాసినప్పుడల్లా వలివడే గురించి, కొల్హాపూర్‌లోని మహావీర్ గార్డెన్‌లో ఉన్న పోలిష్ స్మారకం గురించి రెండు వాక్యాలు వేయండి.

నవంబరు 1న పోలిష్‌వాళ్లు సమాధుల దగ్గర దీపాలు పెడతారు. ఈసారి మామ్మగారితో నేనూ గన్నర్స్‌బరీ శ్మశానానికి వెళ్లాను. కొత్త మట్టి ఇంకా ఆరలేదు. వచ్చేటప్పుడు ఆవిడ ఒక చిన్న గాజు సీసా నా సంచిలో పెట్టారు. సంక్రాంతికి ఊరొస్తున్నాను. హరిప్రియలో నాకూ అమ్మకీ రిజర్వేషన్ చేయించాను. అమ్మవారి దర్శనం చేసుకుని, వలివడే వెళ్లి ఆ సీసాలో గుప్పెడు మట్టి తీసుకుని రావాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఈలింగ్, లండన్