న్యాయశాఖ మంత్రి గారికి విశాఖ న్యాయవాది బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర న్యాయశాఖ మంత్రి గారికి,

విశాఖ జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తున్న న్యాయవాదిని. జూనియర్ న్యాయవాదుల భృతి గురించి ఈ లేఖ రాస్తున్నాను. మత స్వేచ్ఛ కేసులు చూస్తానంటే "మీరు ఎవరి వైపు?" అని అడుగుతారు. దేవాదాయ శాఖతో పేచీ పడ్డ అర్చక కుటుంబం, ఖబరస్థాన్ దారి గొడవ, ఇంట్లో ప్రార్థనలు ఆపమని నోటీసు వచ్చిన పాస్టరు గారు... అన్ని ఫైళ్లూ నా బల్ల మీదే ఉంటాయి. మత స్వేచ్ఛనిచ్చే రాజ్యాంగం 25వ అధికరణ అందరిదీ కదా.

ఈ కేసుల్లో గెలుపోటములు సగం హైకోర్టు గడప తొక్కకముందే, రికార్డుకెక్కిన కాగితాలతోనే తేలిపోతాయి. 1985లో కేరళలో జాతీయ గీతం పాడలేదని యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబంలోని ముగ్గురు పిల్లల్ని బడి నుంచి పంపేశారు. మరుసటి ఏడు సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. పాడకపోయినా పిల్లలు మర్యాదగా లేచి నిలబడేవారన్న సంగతి రికార్డులో ఉండబట్టే వాళ్ల వాదన నిలిచింది. అలాంటి ఒక్క ముక్కను రికార్డుకు ఎక్కించడానికే జూనియర్ కావాలి. ఊరికి వెళ్లి, అర్జీ మీద ఆఫీసుకు అందినట్టు ఇన్‌వార్డు స్టాంపు పడిందా, నోటీసు మీద తేదీ ఉందా, సంతకం ఎవరిది అని చూడాలి. తెలుగు కాగితాలన్నీ ఇంగ్లీషు చేసి, పిటిషన్‌తో జతచేసే మెటీరియల్ పేపర్లు కట్టాలి. నోటీసు శుక్రవారం సాయంత్రం అంటిస్తే (ఆ ముహూర్తమంటే అధికారులకు ఎందుకో మహా ఇష్టం) సెలవుల్లోనే జడ్జి గారు అత్యవసరంగా వినే హౌస్ మోషన్‌కు రాత్రికి రాత్రే సిద్ధం కావాలి. అధికారుల చర్యల మీద వేసే రిట్ పిటిషన్లు వినే హైకోర్టేమో 300 కిలోమీటర్లకు పైనే, అమరావతిలో.

ఆ జూనియర్లే దొరకడం లేదు. సబ్బవరంలో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉన్నా, పట్టా రాగానే పిల్లలు హైదరాబాద్, బెంగళూరు రైలెక్కుతున్నారు. తప్పు పట్టలేను. ఈ క్లయింట్లు ఫీజు ఇచ్చుకోలేరు, నాకే ఇల్లు గడిచేది ఆస్తి దావాలతో.

జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు మళ్లీ నిబంధన పెట్టింది. ఆ మూడేళ్లూ ఏం తిని బతకాలండీ? 2019లో మొదలైన, జూనియర్ న్యాయవాదులకు భృతినిచ్చే లా నేస్తం పథకం కింద నెలకు 5,000 రూపాయలు ఇచ్చేవారు. విశాఖలో అది గది అద్దెకే చాలదు, అయినా ఏమీ లేనిదానికన్నా నయం. పథకం పేరు మీ ఇష్టం. మొత్తం మాత్రం పెంచి, ఏ నెలకా నెల వేయించండి. అలాగే పేదవాడి రిట్‌కు ఇక్కడ కాగితాలు తయారుచేసిన జూనియర్‌కు కూడా న్యాయసేవాధికార సంస్థ నుంచి ఫీజు ఇప్పించండి. ఉచిత న్యాయ సహాయం గురించి చెప్పే 39ఏ అధికరణ మీకు తెలియనిది కాదు.

ఇట్లు,
విశాఖ బార్‌లో ఒక న్యాయవాది