వీడియో వేశాం, పాఠం అయిపోయింది అనుకోవద్దు

సంపాదకులకు నమస్కారం.

టీనేజీ పిల్లలకు లైంగిక ఆరోగ్య విద్యను బ్లెండెడ్ లెర్నింగ్ పద్ధతిలో, అంటే కొంత వీడియోలతో, కొంత తరగతిలో చెప్పాలన్న మాట గట్టిగా వినిపిస్తోంది. జీవశాస్త్రం చెప్పే టీచర్‌గా నేనూ దానికి సరేనంటాను. కాకపోతే, వీడియో ఉంది కదా అని క్లాసు తీసెయ్యకూడదు.

ప్రత్యుత్పత్తి పాఠం వచ్చేసరికి చాలామంది టీచర్లకు గొంతు పెగలదు. ఇంట్లో చదువుకోమని పేజీలు తిప్పేస్తారు. ఇది అడగకూడని సంగతని పిల్లలకు అప్పుడే అర్థమైపోతుంది. వీడియోకి ఆ బెరుకు లేదు. నెలసరి మొదలైన కొత్తలో క్రమం తప్పడం మామూలేనని, నిద్రలో వీర్యం పోవడం జబ్బు కాదని, కండోమ్ గర్భంతో పాటు హెచ్‌ఐవీ ముప్పునూ తగ్గిస్తుందని తడబడకుండా చెబుతుంది. అర్థం కాకపోతే ఆపి మళ్లీ చూడొచ్చు. టీచర్‌ని రెండోసారి అడగడం కన్నా అది ఎంతో తేలిక.

కానీ వీడియో ప్రశ్న వినలేదు. "నాకింకా నెలసరి రాలేదు, ఏమైనా లోపమా?" అని ఒక అమ్మాయి అడిగితే వయసు కనుక్కుని, 15 నిండినా రాకపోతే డాక్టర్‌కు చూపించాలని చెప్పేందుకు ఎదురుగా మనిషి ఉండాలి. ఫొటో పంపమని ఎవరో వేధిస్తున్నారని చెప్పుకోవడానికీ అంతే. 'వద్దు' అనడం, ఎదుటివాళ్లు వద్దంటే ఆగిపోవడం చూసినంత మాత్రాన వచ్చేవి కావు, తరగతిలో మాట్లాడించి అలవాటు చేయాలి. పేరు రాయని చీటీలు డబ్బాలో వేయిస్తే నోరు విప్పని పిల్లలు కూడా అడుగుతారు. ఆ చీటీలు చదివితే, మనం చెప్పాలనుకున్నదీ వాళ్లు తెలుసుకోవాలనుకున్నదీ ఒకటి కాదని తెలుస్తుంది.

ఇవన్నీ చెబితే పిల్లలు చెడిపోతారన్న భయం ఉంది. ఈ విద్య వల్ల పిల్లలు తొందరపడరని యునెస్కో 2018లో సవరించి ఇచ్చిన మార్గదర్శకాలు పరిశోధనలను ఆధారం చేసుకుని చెబుతున్నాయి. అసలు ఎవరూ చెప్పకపోతే వాళ్లు వెతుక్కునేది అశ్లీల వీడియోల్లోనే. ఆ సంగతి పెద్దలందరికీ తెలుసు, ఒప్పుకోరు అంతే.

వీడియోను హోంవర్క్‌గా ఇవ్వడంలో ఇంకో చిక్కుంది. ఇంటికంతా ఒకే ఫోన్ ఉంటే ఆ పిల్ల ఎవరి ముందు చూడాలి? ఒక వీడియో అయ్యాక ఆటోప్లేలో ఏమొస్తుందో ఎవరు చూస్తారు? ఎవరు ఏది ఎన్నిసార్లు చూశారో యాప్ నమోదు చేస్తుందంటే, అవసరమున్న పిల్లలే ముట్టుకోరు. అందుకే బడిలోనే, నెట్‌తో పని లేకుండా చూపించడం మేలు. చెవులు వినపడని పిల్లల కోసం కింద అక్షరాలు కూడా ఉండాలి.

టీచర్లకు శిక్షణ ఇవ్వాలి. వాళ్లకు తెలియని ప్రశ్న వస్తే డాక్టర్‌నో నర్సునో అడిగి మర్నాడు చెప్పే ఏర్పాటు ఉండాలి. ఈ రెంటికీ పైసా కేటాయించకుండా వీడియోల తయారీకే డబ్బంతా పోసే పథకం వస్తే, తల్లిదండ్రుల సంఘాలు దాన్ని ఒప్పుకోవద్దని కోరుతున్నాను.

— ఒక జీవశాస్త్రం టీచర్