మాత్ర రాసిన రోజే, ఆపే దారి కూడా రాయించండి

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

మా నాన్న పోయాక మూడు వారాల పాటు అమ్మకు కంటి మీద కునుకు లేదు. పడుకోబెడితే గుండె దడ అంటూ లేచి కూర్చునేది. డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్తే ఆల్ప్రజోలం రాశారు. టెన్షన్ తగ్గించి నిద్ర పట్టించే బెంజోడయజెపైన్ జాతి మాత్ర అది. 0.5 మిల్లీగ్రాములు, రాత్రి ఒకటి. ఆ రాత్రి అమ్మ నిద్రపోయింది, ఆమెను చూసి మేమూ నిద్రపోయాం. ఆ డాక్టరు గారి మీద నాకు ఈ రోజుకీ కోపం లేదు. అప్పుడు ఆ మాత్ర కావలసిందే. కానీ ఆ చీటీలో ఎన్నాళ్లు వేసుకోవాలో లేదు, ఎలా మానాలో లేదు. మేము అడగనూ లేదు. అమ్మ ఆరేళ్లు వేసుకుంది.

ఈలోగా డాక్టర్లు ముగ్గురు నలుగురు మారారు. ఎవరి దగ్గరికి వెళ్లినా పాత చీటీ చూసి "ఇదే కంటిన్యూ చేయండి" అనేవాళ్లు. రెండో ఏడు వచ్చేసరికి మాత్ర వేసుకున్నా ఒంటిగంటకే మెలకువ వచ్చేసేది. ఒళ్లు అలవాటు పడిపోతే అదే డోసుకు అదే నిద్ర రాదని మాకేం తెలుసు? ఒక మాత్ర కాస్తా ఒకటిన్నర అయింది.

నాలుగో ఏట ఒక రాత్రి బాత్రూమ్‌కి లేచి, తూలి పడి, మణికట్టు విరగ్గొట్టుకుంది. తూలి పడటం, ఎముకలు విరగడం, జ్ఞాపకశక్తి మందగించడం, వీటి వల్లే 65 దాటినవాళ్లకు ఈ రకం మాత్రలు వీలైనంత వరకు ఇవ్వొద్దని అమెరికాలోని వృద్ధుల వైద్య సంఘం ఏళ్లుగా చెబుతోంది. అమ్మ చేతికి కట్టు కట్టి, నొప్పికి ట్రమడాల్ ఇచ్చి ఇంటికి పంపారు. రాత్రిపూట ఏం వేసుకుంటున్నారని ఒక్కరూ అడగలేదు. ట్రమడాల్ ఓపియాయిడ్ జాతి మందు, అంటే నల్లమందు తరహా నొప్పి మందు. ఆ జాతి మందులూ ఈ జాతి మాత్రలూ కలిస్తే ఊపిరి మందగించి ప్రాణం మీదికి రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లోనే తన అతి తీవ్రమైన హెచ్చరిక పెట్టింది. మా అమ్మకు ఏమీ కాలేదు. ఆ హెచ్చరిక సంగతి తర్వాత తెలిసి నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

ఆ తర్వాత ఇంకో డాక్టరు గారు చూసి, "ఇది మంచిది కాదు, ఈ రోజు నుంచే మానేయండి" అన్నారు. మానేశాం. మూడో రోజుకి అమ్మ చేతులు వణకడం మొదలైంది. ఒళ్లంతా చెమటలు. గ్లాసు కింద పెట్టిన చప్పుడుకే ఉలిక్కిపడి చెవులు మూసుకునేది. "నా వల్ల కాదే తల్లీ" అని ఏడ్చింది. పాత టెన్షనే తిరగబెట్టింది, ఇక జీవితాంతం ఈ మాత్ర ఉండాల్సిందే అనుకుని మళ్లీ వేశాం. గంటలో సర్దుకుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది, మంత్రి గారూ. మెదడులో నరాల హడావుడిని తగ్గించే రసాయనం గాబా. డయజెపాం, లోరజెపాం, క్లోనజెపాం, ఆల్ప్రజోలం, ఈ బెంజోడయజెపైన్లన్నీ ఆ గాబా ప్రభావాన్ని పెంచుతాయి. నెలల తరబడి బయటి నుంచి ఆ సాయం అందుతుంటే మెదడు తన సొంత బ్రేకును వదులు చేసుకుంటుంది. అప్పుడు మాత్రను ఒక్కసారిగా లాగేస్తే రెండూ లేనట్టే. ఏ బాధ కోసం మాత్ర మొదలుపెట్టారో అదే బాధ ఇంకా పెద్దదై వస్తుంది కాబట్టి, ఇంట్లోవాళ్లు జబ్బు తిరగబెట్టిందనే అనుకుంటారు. కొందరికి ఫిట్స్ వస్తాయి, ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. ఈ లేఖ చదివి ఎవరైనా ఈ రాత్రే మాత్ర మానేస్తారేమోనని నాకు భయంగా ఉంది. దయచేసి అలా చేయకండి. డాక్టరుతో మాట్లాడి మెల్లమెల్లగా తగ్గించుకోండి.

ఇవేవీ నిన్నా మొన్నా తెలిసినవి కావు. ఈ జాతిలో మొదటి మందులైన లిబ్రియం 1960లో, వేలియం (అంటే డయజెపామే) 1963లో వచ్చినప్పుడు జనానికి నిజంగానే మేలు జరిగింది. అంతకుముందు నిద్రకు వాడిన బార్బిట్యురేట్లు కాస్త ఎక్కువ పడితే మనిషి ఇక లేచేవాడు కాదు. కానీ ఇరవై ఏళ్లు తిరిగేసరికి అలవాటు సంగతి బయటపడింది. బ్రిటన్‌లో ప్రొఫెసర్ హెదర్ ఆష్టన్ 1982 నుంచి పన్నెండేళ్ల పాటు, ఈ మాత్రలు మానాలనుకునేవాళ్ల కోసమే ఒక క్లినిక్ నడిపారు. 1988లో ఆ దేశపు ఔషధ భద్రతా కమిటీ వీటిని రెండు నుంచి నాలుగు వారాలకు మించి రాయొద్దని డాక్టర్లకు చెప్పింది. నాలుగు వారాలన్న మాట వచ్చి అన్నేళ్లయ్యాక మా అమ్మకు ఆరేళ్ల పాటు రాస్తూ పోయారు.

అందుకని నా విన్నపం ఇదీ. ఈ మందు మొదటిసారి రాసే చీటీలోనే ఎప్పటికి ఆపాలో, ఎలా తగ్గించాలో రాయడం తప్పనిసరి చేయండి. నాలుగు వారాలు దాటాక మళ్లీ రాయాలంటే, ఎందుకు రాస్తున్నారో డాక్టరు ఒక వాక్యమైనా రాయాలి. ఆ వాక్యం రాయడానికైనా రోగిని కూర్చోబెట్టి మాట్లాడాలి కదా.

దీన్ని మాత్రం నిషేధంగా మార్చకండి. మందుల షాపుల మీద కేసులు పెట్టి, రాత్రికి రాత్రి సరఫరా ఆపేస్తే, ఏళ్లుగా వేసుకుంటున్నవాళ్ల గతి మా అమ్మకు ఆ మూడో రోజు పట్టిన గతే. వాళ్లు మత్తుకు బానిసలు కారు, డాక్టరు చెప్పింది చెప్పినట్టు చేసినవాళ్లు. ఫిట్స్‌కు, తీవ్రమైన ప్యానిక్‌కు ఈ మందులు అవసరమైనవాళ్లూ ఉన్నారు.

ఆఖరికి ఒక డాక్టరు గారు ఓపిగ్గా కూర్చుని, అమ్మ డోసు మెల్లగా ఎలా తగ్గించాలో లెక్క వేసి ఇచ్చారు. 2025లో అమెరికా వైద్య సంఘాలు కలిసి ఇచ్చిన మార్గదర్శకాలు కూడా రెండు నుంచి నాలుగు వారాలకోసారి 5 నుంచి 10 శాతం చొప్పున తగ్గించడంతో మొదలుపెట్టమంటున్నాయి. అమ్మ వేసుకునేది 0.75 మిల్లీగ్రాములు. అందులో పదో వంతంటే 0.075. మాకు దొరికిన అతి చిన్న మాత్ర 0.25, అంటే దానిలో మూడో వంతు కంటే తక్కువ కోయాలి. తెల్ల కాగితం మీద మాత్ర పెట్టి బ్లేడుతో నొక్కితే ఒక ముక్క ఎగిరి మంచం కిందికి పోయేది, ఇంకోటి పిండి అయ్యేది. అమ్మ కళ్లజోడు పెట్టుకుని ఆ ముక్కలను వేలితో జరుపుతూ, "నిన్నటి కంటే ఇది చిన్నగా లేదూ?" అని అడిగేది. ముక్క చిన్నదైన రాత్రి, పడుకోకముందే భయం పట్టుకునేది. డోసు తగ్గించేవాళ్ల కోసం ఇంకా చిన్న మాత్రలు, కొలిచి వేసుకునే డయజెపాం సిరప్ అన్నిచోట్లా దొరికేలా చూడండి. ఇది పెద్ద పని కాదు, కానీ ఇది లేకనే ఎంతోమంది మధ్యలో వదిలేస్తారు.

మిగతా మందుల విషయంలోనూ చెప్పాల్సింది చెప్పడం లేదు. జోల్పిడెం అనే నిద్రమాత్ర పొద్దున్న దాకా ఒంట్లో ఉండిపోతోందని 2013లో అమెరికాలో ఆడవాళ్లకు మొదటి డోసు 10 నుంచి 5 మిల్లీగ్రాములకు తగ్గించారు. టెన్షన్‌కు రోజూ వాడే ఎస్సెస్సారై మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని చెప్పకపోతే, జనం పది రోజులకే మానేస్తారు.

మందు లేకుండా నిద్ర తెప్పించే చికిత్స ఒకటుంది, సీబీటీ-ఐ అంటారు. దీర్ఘకాలం నిద్ర పట్టనివాళ్లకు ముందు దాన్నే ఇవ్వమని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో చెప్పింది. నిద్ర వస్తేనే మంచం ఎక్కడం, రాకపోతే లేచి వేరే గదిలో కూర్చోవడం, ఎంత ఆలస్యంగా పడుకున్నా ఒకే టైముకు లేవడం. వినడానికి ఇంతే, కానీ దగ్గరుండి చేయించే మనిషి కావాలి. మాకు ఆ మనిషిని వెతకడానికే నాలుగు నెలలు పట్టింది. మీ ఆసుపత్రుల్లో నర్సులకు ఈ శిక్షణ ఇప్పించండి.

అమ్మ పూర్తిగా మానడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు రాత్రి అయిదారు గంటలు పడుకుంటోంది. కొన్ని రాత్రులు పట్టదు, లేచి కూర్చుంటుంది, మళ్లీ పడుకుంటుంది. ఆ మొదటి చీటీ మా ఇంట్లో ఇంకా ఉంది, మడతల దగ్గర చిరిగితే అమ్మే టేపు అంటించింది. దాని మీద సగం కాగితం ఖాళీగా ఉంది. మీరు సమయం ఇస్తే తెచ్చి చూపిస్తాను.

ఇట్లు,
ఒక కూతురు