తెనాలి ఎంపీ సీటు ఎక్కడికి పోయింది?

సంపాదకుల వారికి,

నియోజకవర్గాల పునర్విభజన మాట వచ్చినప్పుడల్లా ‘తెనాలి రద్దయింది’ అనేస్తుంటారు. రద్దయింది లోక్‌సభ స్థానం. అసెంబ్లీ స్థానం తెనాలి, కొల్లిపర మండలాలతో నిక్షేపంగా ఉంది. ఈ తేడా పత్రికల్లోనూ చెరిగిపోతుంటే బాధేస్తుంది.

1957లో ఆచార్య రంగాను గెలిపించిన సీటది. 1962లో కమ్యూనిస్టు కొల్లా వెంకయ్యను పంపింది. 1996లో నటి శారద, 1998లో పి. శివశంకర్, 1999లో ఉమ్మారెడ్డి వెంకటేశ్వర్లు, చివరగా 2004లో వల్లభనేని బాలశౌరి. ఏ ఒక్క పార్టీకీ రాసిచ్చిన సీటు కాదు.

మరి ఎందుకు పోయింది? ఉమ్మడి రాష్ట్రానికి 42 సీట్లు మారలేదు. 2001 జనగణన ప్రకారం రాష్ట్రం లోపలే గీతలు మార్చారు. హైదరాబాద్ చుట్టూ జనం పెరిగి మల్కాజిగిరి, చేవెళ్ల పుట్టాయి. తెనాలి, బొబ్బిలి, పార్వతీపురం లాంటివి పోయాయి. గుంటూరు జిల్లా అసెంబ్లీ స్థానాలు కూడా 19 నుంచి 17కు తగ్గాయి. దుగ్గిరాల సీటు పోయి, ఆ మండలం మంగళగిరిలో కలిసింది.

ఇప్పుడు తెనాలి, పొన్నూరు, మంగళగిరి గుంటూరు లోక్‌సభ కింద ఉన్నాయి. వేమూరు, రేపల్లె ఎస్సీ రిజర్వుడైన బాపట్ల లోక్‌సభ కింద ఉన్నాయి. అందుకే 2004 గుంటూరు మెజారిటీని 2009 గుంటూరు మెజారిటీ పక్కన పెట్టి ‘ఓట్లు పెరిగాయి’ అని రాస్తే తప్పు: పేరొకటే, ఊళ్లు వేరు. పోల్చాలంటే ముందు పునర్విభజన ఉత్తర్వులోని మండలాల జాబితా చూడాలి, ఆపైన ఫారం 20లో, అంటే పోలింగ్ కేంద్రాల వారీగా ఎవరికెన్ని ఓట్లొచ్చాయో చూపే ఫలితాల పత్రంలో, ఉన్న లెక్కలు కూడాలి. ఎన్నికల ప్రత్యేక పేజీల్లో ఈ పట్టిక ఒక్కసారైనా వేయండి.

— ఒక పాఠకుడు, గుంటూరు