నూనె సంగతి చెబుదామని

చిన్నీ,

నీ గొంతు విని 19 రోజులైంది. అన్నయ్య పంపిన ఫొటోలో తలకి స్కార్ఫ్ కట్టుకుని ఉన్నావు. ఎండకి కట్టుకుందిలే అన్నారు నాన్న. నిన్న సరళ మాటల్లో మాటగా చెప్పింది, నీకు జుట్టు బాగా ఊడుతోందనీ, ఐదు రకాల నూనెలు తెప్పించుకున్నావనీ. అది నిజమా అని అడగడానికి కాదు ఈ ఉత్తరం. నూనెల గురించి నాలుగు ముక్కలు చెబుదామని, అంతే.

ఏ సీసా మూతా తియ్యకముందు, రాలిన వెంట్రుకల్ని తెల్ల కాగితం మీద పెట్టి చూడు. ఒక కొసన చిన్న తెల్లటి గుబ్బ ఉంటే అది కుదురు నుంచి ఊడింది. గుబ్బ లేకుండా పొట్టి ముక్కలుగా ఉంటే మధ్యలో తెగింది. తెగే జుట్టుకి నూనె పనికొస్తుంది. ఊడే జుట్టుకి ఏ నూనే పనికిరాదు. రోజుకి 50 నుంచి 100 ఊడటం మామూలే. మూడు రోజులకోసారి తలంటుకుంటే ఆ మూడు రోజులవీ ఒక్కసారే చేతిలోకి వస్తాయి, అది చూసి బెంగపడకు. అంతకు మించి ఊడుతుంటే మాత్రం నాకు చెప్పాలి. సరళకి కాదు.

తెగుతోందనుకో, కొబ్బరి నూనె ఒక్కటి చాలు. అందులో దాదాపు సగం లారిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లమే. దాని అణువు చిన్నది, వంకర లేనిది, అందుకే వెంట్రుక లోపలికి దూరుతుంది. 2003లో వచ్చిన ఒక పరిశోధనలో కొబ్బరి నూనె, పొద్దుతిరుగుడు నూనె, పెట్రోలియం నుంచి తీసే మినరల్ ఆయిల్ మూడింటినీ పోల్చి చూస్తే, వెంట్రుకలోని ప్రొటీన్ పోకుండా ఆపింది కొబ్బరి నూనె ఒక్కటే. జుట్టు తడిసినప్పుడల్లా ఉబ్బుతుంది, ఆరాక ముడుచుకుంటుంది. అలా ఉబ్బి ముడుచుకోవడంతోనే పెళుసెక్కుతుంది. కాబట్టి నూనె పట్టించాల్సింది తలంటుకోవడానికి గంట ముందు. భుజాల దాకా ఉన్న జుట్టుకి రెండు టీ చెంచాలు, అంటే 10 మిల్లీలీటర్లు. కొసల దగ్గర మొదలుపెట్టి పైకి రా, అక్కడే జుట్టు పాతది. 24 డిగ్రీల లోపు నూనె గడ్డకడుతుంది. సీసాని వేణ్ణీళ్లలో నిలబెట్టు, పొయ్యి మీద పెట్టకు. కొందరి జుట్టు కొబ్బరి నూనెకి బిరుసెక్కుతుంది. నీకూ అలా అయితే బాదం నూనెకి మారిపో. కానీ సీసా ముందున్న బొమ్మని నమ్మకు, వెనక పదార్థాల వరస చదువు. ఎక్కువ ఉన్నది ముందుంటుంది. బాదం చివర్లో, లిక్విడ్ పారాఫిన్ మొదట్లో ఉంటే అది మినరల్ ఆయిలే. జారుడుకీ చిక్కు తీయడానికీ బాగుంటుంది, లోపలికి మాత్రం పోదు.

ఆ ఐదింట్లో ఆముదం ఉందట. అది విన్నప్పటి నుంచి నాకు కనకం పిన్నే గుర్తొస్తోంది. నడుము దాటిన జడ ఆవిడది. ఎవరో చెప్పారని అచ్చంగా ఆముదమే జుట్టంతా పట్టించి, వేడి తువ్వాలు చుట్టుకుని రాత్రంతా ఉంచుకుంది. పొద్దున జుట్టంతా నెత్తిమీదకి పోగేసి, షాంపూ పోసి రెండు చేతులతో గుండ్రంగా రుద్దింది. జిడ్డు వదలడం లేదని ఇంకా రుద్దింది. కాసేపటికి వేళ్లు కదల్లేదు. వెనక భాగమంతా ఉన్ని ముద్దలా గట్టిపడిపోయింది. ఆముదంలో దాదాపు 90 శాతం రిసినోలిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లమే, అందుకే అంత చిక్కన. ఆ జిగటకి నీళ్లూ రాపిడీ తోడైతే వెంట్రుకలు ఒకదానికొకటి అల్లుకుపోతాయి. లాగితే ఇంకా బిగుస్తాయి. పిన్ని లాగింది కూడా. మూడు సాయంత్రాలు కండిషనరూ కొబ్బరి నూనే పోసి, అల్లిక సూదితో అంచుల నుంచి ఒక్కో పాయా విడదీశారు. పిడికిలంత ముద్ద మిగిలితే చివరికి కత్తిరించాల్సే వచ్చింది. ఆ ఏడు ఫొటోల్లో ఆవిడ తలకి కూడా ఏదో ఒక గుడ్డ కట్టే ఉంటుంది. నీ ఫొటో చూసి నేను ఊరికే కంగారుపడలేదు. ఆముదం వాడి తీరాలనుకుంటే ఒక వంతుకి మూడు వంతులు కొబ్బరి నూనె కలుపు. రుద్దేటప్పుడు జుట్టుని పోగెయ్యకు, వేలాడుతున్నట్టే ఉంచి వేళ్లతో కిందికి దువ్వు. అది జుట్టు పెంచుతుందన్న మాటకి గట్టి రుజువేమీ లేదు. జుట్టు నెలకి ఒక సెంటీమీటరు, ఆ పైన కొంచెం. ఏది రాసినా అంతే.

చుండ్రు ఉంటే మాడుకి అసలు నూనె వద్దు. మలసీజియా అనే శిలీంధ్రం ఆ కొవ్వునే తిని పెరుగుతుంది, ఆలివ్ నూనెలోని ఒలీక్ ఆమ్లం దురదని ఇంకా పెంచుతుంది. ఆ శిలీంధ్రాన్ని అణిచే మందు, 2 శాతం కీటోకొనజోల్ ఉన్న షాంపూ వారానికి రెండుసార్లు, నురుగు 3 నుంచి 5 నిమిషాలు ఉంచి కడిగెయ్. అలా నాలుగు వారాలు చెయ్. గోళ్లతో గీరకు. కొప్పు బిగించి కట్టకు, కుదుళ్లు లాగినట్టై నుదుటి దగ్గర పలచబడుతుంది. నుదుట మొటిమలు వస్తుంటే రాత్రి నూనె మానెయ్, దిండు గలీబు మార్చు.

ఇక ఆ తెల్ల గుబ్బ కనిపించిందనుకో. పెద్ద జ్వరమో, కడుపు మాడ్చుకోవడమో, మనసుకి గట్టి దెబ్బో తగిలితే జుట్టు అప్పుడే ఊడదు. కుదుళ్లు విశ్రాంతిలోకి వెళ్తాయి, రెండు మూడు నెలల తర్వాత వెంట్రుకలు రాలుతాయి. నేను వెనక్కి లెక్కపెట్టాను. నువ్వు గది మారిన నెల వచ్చింది. నీ ఫోన్లు తగ్గిందీ ఆ నెలలోనే. అప్పుడు జ్వరం వచ్చిందా? ఒంటరిగా పడుకుని ఎవరికీ చెప్పలేదా? కారణం తొలగితే సాధారణంగా ఆరు నెలల్లోపు రాలడం ఆగిపోతుంది, ఊడిన జుట్టు మళ్లీ వస్తుంది. ఈ లోగా హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ చెప్పేది), థైరాయిడ్ పరీక్షలు చేయించుకో. నాణెమంత గుండ్రంగా ఎక్కడైనా ఊడినా, మాడు ఎర్రబడి నొప్పెట్టినా, ఆ వారమే చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లు.

ఆదివారం నాన్న ఫోన్ పక్కనే ఉంటారు. గుబ్బ ఉందో లేదో చూసి చెప్పు. ఆ నెలలో ఏమైందో కూడా చెప్పు, నేను మధ్యలో ఏమీ అనను. వీడియోలో మాట్లాడు, స్కార్ఫ్ తీసి. తడి జుట్టు మీద మాత్రం అది కట్టుకోకు తల్లీ.

అమ్మ